రెండు డెల్టాల తంత్రీగానము

గిటారు అను తంత్రీవాద్యము నేడు బందరు, గుడివాడ, అవనిగడ్డ మొదలగు మన ప్రాంతపు పట్టణములలో యువజనులకు మిక్కిలి ప్రియమైనదిగా నున్నది. ఆదివారపు ఆరాధనలయందును, కళాశాలల వార్షికోత్సవములయందును, పెండ్లిపందిళ్లయందును దాని నాదము వినవచ్చుచున్నది. అయినను, పిల్లవాడు గిటారు కొనిపెట్టుమని యడిగినప్పుడు తలిదండ్రులలో ననేకులకు రెండు సందేహములు కలుగుచుండును. పరదేశమున బుట్టిన యీ వాద్యముమీద మన పాట పలుకునా యనునది మొదటిది. బ్లూస్ అనియు, రాక్ అనియు, బ్లూస్-రాక్ అనియు పేరులు చెప్పుచు పిల్లలు వినుచున్నది సంగీతమా, వట్టి రొదయా యనునది రెండవది. ఇవి కొట్టివేయదగిన సందేహములు గావు, ఓపికతో విచారింపవలసినవి. ఈ విచారణలో మనకు తోడ్పడగల దృష్టాంతమొకటి మన గుడివాడలోనే 1978 వ సంవత్సరమున జరిగినది. దానిని గ్రహించుటకు ముందు బ్లూస్ అనగా నేమో తెలిసికొందము.

ఇంగ్లీషు భాషలో నీలవర్ణమును దెలుపు మాటకు విచారమనియు నర్థము గలదు. ఆ యర్థమునుండియే బ్లూస్ అను పేరు వచ్చినది. అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున, బానిసత్వము 1865 లో రద్దయిన తరువాత, ఆఫ్రికా సంతతివారైన నల్లజాతివారు అనేకులు ప్రత్తిచేలలో పాలికాపులుగా బ్రదుకుచుండిరి. చట్టము మారినను వారి అప్పు తీరలేదు, అవమానము తీరలేదు. చేలలో పని చేయుచు పాడిన పాటలు, ఆరాధనలలో బాడిన కీర్తనలు, ఇండ్ల ముంగిట చెప్పుకొన్న గాథలు కలిసి 19 వ శతాబ్దపు చివరను, 20 వ శతాబ్దపు తొలినాళ్లను ఈ గానముగా రూపొందినవి.

దీని ముఖ్యమైన పుట్టినిండ్లలో నొకటి మిసిసిపీ రాష్ట్రపు వాయవ్య భాగము. ఆ ప్రదేశమును అచ్చటివారు డెల్టా యందురు. అది మన దివిసీమవలె నది సముద్రమున గలియుచోట నున్న భూమి కాదు. మిసిసిపీ, యాజూ అను రెండు నదుల నడుమ ఒండ్రుమట్టితో నేర్పడిన సమతలము. సముద్రమచ్చటికి చాల దూరము. అయినను వరద వచ్చినప్పుడు ఆ నేలకును మన నేలకును భేదము లేదు. 1927 లో మిసిసిపీ కట్టలు తెగి ఊళ్లు మునిగిపోగా, చార్లీ పాటన్ అను గాయకుడు ఆ వరదను గూర్చి యొక పాట కట్టి, 1929 లో గ్రామఫోను పళ్లెముయొక్క రెండు ప్రక్కలును నిండునట్లు పాడెను. 1977 నవంబరు 19 వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను గొనిపోయిన సంగతి మన యిండ్లలో పెద్దలు నేటికిని చెప్పుచుందురు. ఆ మాటలను విన్నవారికి, ఆ దూరదేశపు గాయకుడేల పాడెనో వేరుగా జెప్ప నక్కరలేదు.

బ్లూస్ పాటకు సులభమైన కట్టడి యొకటి కలదు. సామాన్యముగా చరణమునకు మూడు పాదములు. మొదటి పాదము చెప్పిన మాటనే రెండవ పాదము మరల చెప్పును. మూడవది దానికి జవాబుగా నుండును. పాదమునకు నాలుగు ఖండములు, ఖండమునకు నాలుగు దెబ్బలు; వెరసి చరణమునకు 12 ఖండములు, 48 దెబ్బలు. మన ఆదితాళమునకు ఆవర్తమొకటికి 8 అక్షరములు గదా. ఆ లెక్కను జూచినచో చరణమొకటికి ఆరు ఆవర్తముల కాలము పట్టును. విద్యార్థులకు బోధపడుటకై మన కాలువలను దలచుకొని యొక చరణమును కల్పించి చూపుచున్నాను:

కాలువ నిండుగ వచ్చెను నీరు, శివారు చేనికి రాలేదు;
అవునయ్యా, కాలువ నిండుగ వచ్చెను నీరు, శివారు చేనికి రాలేదు;
నారెండిపోయిన వెనుక వచ్చిన నీరు ఎవ్వరి గాదెను నింపేను?

ఇందు అలంకారము లేదు. ఉన్నమాట మాత్రమే కలదు. ఒక మాటను రెండుమారులు చెప్పుటచే అది శ్రోత మనస్సున నాటుకొనును. గాయకునకు మూడవ పాదమును గూర్చుకొనుటకు వ్యవధి దొరకును. మరియొక విశేషమేమనగా, పాదమున మాటలు సుమారు సగమువరకే యుండును. మిగిలిన సగము గిటారుది. మనుష్యుడు ఒక మాట యనగా తీగ దానికి ఊకొట్టును. కావున ఈ గానమున తీగ తాళమునకు తోడుగా మాత్రమే యుండిన చాలదు. అది గొంతువలె మాటలాడవలయును. ఇక్కడనే కష్టము మొదలగుచున్నది.

పియానోమీదను, హార్మోనియముమీదను ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క మెట్టు నియతమై యుండును. రెండు మెట్ల నడుమనున్న ధ్వని వానికి పలుకదు. బ్లూస్ గాయకులన్ననో, గాంధార నిషాదములను పాడునప్పుడు ఆ నడిమి తావులనే యాశ్రయింతురు. సాధారణ గాంధారముకంటె కొంచెము హెచ్చుగను, అంతర గాంధారముకంటె కొంచెము తగ్గుగను, ఒకదానినుండి మరియొకదానికి జారుచు ఆ స్వరము పలుకును. మన గమకమును వినియున్న చెవికి ఇది బొత్తిగా క్రొత్త గాదు. హార్మోనియము గమకమును పలుకజాలదను ఆక్షేపణ మన దేశమునను బలముగా నుండెను. ఆలిండియా రేడియోవారు 1940 లో ఆ వాద్యమును నిషేధించి, 1971 లో గాని ఆ కట్టుబాటును సడలింపలేదు.

గిటారునకును ఇట్టి లోపమే కలదు. దాని మెడమీద లోహపు మెట్లు వరుసగా బిగింపబడి యుండును. వ్రేలు ఎచ్చట నొక్కినను, ఆ మెట్టు నిర్ణయించిన స్వరమే పలుకును. ఈ చిక్కును బీదవారైన గాయకులు తమ చేతనున్న పనిముట్లతోనే విడదీసికొనిరి. డబ్ల్యు. సి. హ్యాండీ అను సంగీతవేత్త 1903 ప్రాంతమున మిసిసిపీలోని టట్వైలర్ అను ఊరి రైలుస్టేషనులో బండికొరకు వేచియుండగా, ఒక మనుష్యుడు గిటారు తీగలమీద చాకును ఒత్తి జార్చుచు పాడుట వింటినని తన స్వీయచరిత్రలో వ్రాసియున్నాడు. చాకు తీగమీద జారునప్పుడు మెట్లతో పని లేదు. మన గోటువాద్యముపై కఱ్ఱముక్క జారునట్లే, స్వరము ఒక తావునుండి మరియొక తావునకు తెగకుండ నడచును.

మరికొందరు చాకు లేకయే, నొక్కిన తీగను వ్రేలితో ప్రక్కకు లాగిరి. తీగ ఎంత బిగిసిన స్వరము అంత హెచ్చునని విజ్ఞానశాస్త్ర పాఠములలో చదువుచున్నాము గదా. తీగను ప్రక్కకు లాగినప్పుడు దాని బిగువు పెరిగి స్వరము పైకి వంగును. లాగుటచే స్వరము హెచ్చునే గాని తగ్గదు. కావున క్రిందికి జారవలసినప్పుడు, ముందుగనే లాగియుంచి, మీటి, పిదప మెల్లగా వదలవలయును. ఎంత లాగవలయునో చూపు గీత యేదియు వాద్యముమీద లేదు. చెవియే కొలబద్ద.

గిటారున రెండవ లోపమొకటి కలదు. మీటిన తీగ నాదము పుట్టిన క్షణమునుండియే క్షీణించును. వయొలిన్‌కు కమాను కలదు, పిల్లనగ్రోవికి ఊపిరి కలదు. అవి నాదమును నిలుపగలవు. గిటారునకు అట్టి యాధారము లేదు. స్వరమును వంచుటకు కాలము కావలయును. ఆ కాలము ముగియకముందే నాదము మాసిపోవును. ఈ లోపమును తీర్చినది విద్యుత్తు. ఉక్కుతీగల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగచుట్టను అమర్తురు. తీగ కదలినప్పుడు అయస్కాంత క్షేత్రము కదలి, చుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. ఆ ప్రవాహమును యంత్రముచే పెంచి స్పీకరుద్వారా వినిపింతురు. కంటికి కనబడని చిన్న కదలికయు ఇట్లు సభయంతయు వినగల ధ్వనియగును. కావున నాదపు చివరి భాగమును గూడ వాదకుడు వాడుకొనగల్గును.

ఇట్లు విద్యుద్గిటారును చేపట్టినవారిలో మడ్డీ వాటర్స్ అను పేర ప్రసిద్ధుడైన మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ ముఖ్యుడు. మిసిసిపీ డెల్టా ప్రత్తిచేలలో పని చేసిన యీతడు 1943 లో చికాగో నగరమునకు వలసపోయెను. పల్లెలో ఒక్కడు ఒక్క గిటారుతో పాడిన పాట నగరపు సందడిలో వినబడదు. అందుచే నాతడు విద్యుద్గిటారును గైకొని, మౌతార్గాను, పియానో, బాస్, డ్రమ్ములు గల బృందమును గూర్చుకొనెను. ఆ పళ్లెములు సముద్రము దాటి ఇంగ్లండు యువకుల చేత బడెను. 1962 లో లండనున ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ బృందము తన పేరును మడ్డీ వాటర్స్ పాటనుండియే గైకొనెను. 1966 లో ఎరిక్ క్లాప్టన్ మొదలగు మువ్వురు క్రీమ్ అను బృందమును స్థాపించిరి. బ్లూస్ కట్టడిని, రాక్ సంగీతపు వేగమును, బిగ్గరయైన విద్యుద్గిటారును కలిపిన యీ పద్ధతికే బ్లూస్-రాక్ అని పేరు. మన పిల్లలు వినునప్పుడు రొదవలె దోచునది వట్టి రొద గాదు. నాదమును నిలుపుటకై పడిన శ్రమయొక్క ఫలము. ఆ శ్రమ తెలియక ధ్వనిని మాత్రము పెంచినవారి వాదనము రొదయే యగును. అది మన మైకు పాటలకును వర్తించును.

ఆల్బము అను మాటను గూర్చియు ఒకింత చెప్పవలయును. పూర్వపు 78 వేగపు పళ్లెమున ప్రక్కకు సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. అట్టి పళ్లెములు కొన్నిటిని ఛాయాచిత్రముల పుస్తకమువంటి అట్టలసంచిలో నుంచి అమ్ముచుండుటచే ఆల్బము అను పేరు కలిగెను. 1948 లో కొలంబియా సంస్థవారు నిమిషమునకు 33⅓ మారులు తిరుగు పెద్ద పళ్లెమును వెలువరింపగా, ప్రక్కకు ఇరువది నిమిషములకు పైబడిన గానము పట్టసాగెను. నేడు పళ్లెము లేకయే పాటలు చేరుచున్నను పేరు మాత్రము నిలిచియున్నది. సినిమాకొరకు గాక, పాడువారును వాయించువారును తామే యోచించి కూర్చిన ఆల్బమును స్వతంత్రమైనదని మన వాడుకలో చెప్పుచున్నారు. పెక్కు పాటలు సినిమాలనుండియే పుట్టుచున్న తెలుగుదేశమున ఇట్టి ప్రయత్నములు తక్కువ. హైదరాబాదున వెలసిన చౌరస్తా బృందమువారు గిటారును పల్లెపలుకును జోడించి సినిమాతో పని లేని తెలుగు పాటలు పాడి పేరందిరి.

ఇక మన డెల్టాకు వత్తము. తీగను లాగి స్వరమును వంచుట మనకు వీణ నేర్పిన విద్యయే. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి 2022 నుండి ఏలూరు జిల్లాలో జేరిన నూజివీడు పట్టణము వీణల తయారీకి ప్రసిద్ధి కెక్కినది. వీణ దండిపై 24 మెట్లు మైనములో నాటబడి ఎత్తుగా నిలిచియుండును. వ్రేలికి కఱ్ఱ అడ్డు రాదు గనుక తీగను లాగుట సుకరము. ఈ సౌకర్యము లేని పరదేశపు వాద్యముమీద మన గమకమును పలికించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు ఉప్పలపు శ్రీనివాస్. లోకమాతనిని మాండలిన్ శ్రీనివాస్ అని యెరుగును.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28 వ తేదీన గోదావరి డెల్టాలోని పాలకొల్లున జన్మించెను. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాదకుడు. ఇంట నున్న మాండలిన్‌ను బాలుడు ఆరవ యేట చేపట్టెను. మాండలిన్ ఇటలీ దేశపు చిన్న వాద్యము. దానికి నాలుగు జతల తీగలు, మెడ పొట్టి, మెట్లు దగ్గర దగ్గరగా నుండును. జతతీగలు బిగువుగా నుండుటచే వానిని లాగుట కష్టము. మీటిన నాదము గిటారు నాదముకంటెను త్వరగా మాయమగును. అనగా, గిటారున జెప్పుకొన్న రెండు లోపములును ఇందు మరింత హెచ్చుగా నున్నవి. వాసూరావు అను గిటారు వాదకుడు ఆ బాలునకు పాశ్చాత్య సంగీతమును పరిచయము చేసెను. పిదప తండ్రిగారి గురువును, చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యుడును నైన రుద్రరాజు సుబ్బరాజుగారు కర్ణాటక సంగీతము నేర్ప నారంభించిరి.

ఆ బోధనా పద్ధతిని ఉపాధ్యాయులమైన మేమును గమనింపదగియున్నది. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. కావున వారు వ్రేలు ఇచ్చట నుంచుము, అచ్చట నుంచుమని చెప్పలేదు. వారు పాడిరి, బాలుడు ఆ పాటను తీగమీద వెదకి పట్టుకొనెను. గురువునకు వాద్యము తెలియకుండుట లోపమని తోచును గాని, ఇక్కడ నది మేలే యయ్యెను. చేయి మాండలిన్ అలవాట్లను అనుసరింపలేదు; గొంతు నడచిన త్రోవనే నడువవలసివచ్చెను. గొంతు జారినచోట తీగ జారవలయును. గొంతు ఊగినచోట తీగ ఊగవలయును. మిసిసిపీ డెల్టాలో చాకుతో తీగను జార్చినవాడును ఇదే పని చేసెను. ఒకరినొకరు ఎరుగని యీ యిరువురును తమ చెవినే గురువుగా బెట్టుకొని ఒక్క త్రోవను నడచిరి.

వాద్యమునందును శ్రీనివాస్ మార్పులు చేసికొనెను. జతతీగలను విడిచి, అయిదు ఒంటితీగలు గల విద్యున్మాండలిన్‌ను చేపట్టెను. ఒంటితీగ లాగుటకు లొంగును. విద్యుత్తు నాదమును నిలుపును. అనగా చికాగోలో గిటారునకు దొరకిన మందే పాలకొల్లు బాలుని మాండలిన్‌కును పనికివచ్చినది.

1978 లో గుడివాడయందు జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున శ్రీనివాస్ తన మొదటి కర్ణాటక సంగీత కచేరి చేసెను. అప్పటికాతని వయస్సు తొమ్మిది సంవత్సరములు. మన పాఠశాలలో చేరుటకును ఇంక కొన్ని యేండ్లు చాలని వయస్సు. ఆ పిమ్మట కుటుంబము మద్రాసునకు తరలెను. 1981 డిసెంబరు సంగీతోత్సవములలో నాతడు వాయించినప్పుడు అనేకులు ఆశ్చర్యపడిరి. ఇది శాస్త్రీయ గానమునకు దగిన వాద్యమేనా యని సందేహించినవారును లేకపోలేదు. ఆ సందేహమునకు బాలుడు వాదించి జవాబు చెప్పలేదు; రాగాలాపన చేసి జవాబు చెప్పెను. 1983 లో బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవమున వాయించి విదేశీయుల మన్నన గాంచెను. 1998 లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగెను.

రెండు డెల్టాల విద్యలును ఒక్క వేదికమీద గలిసికొన్న ఘట్టము తరువాత వచ్చినది. జాన్ మెక్‌లాఫ్లిన్ అను గిటారు వాదకుడు 1942 లో ఇంగ్లండున జన్మించి, బాల్యముననే అమెరికా బ్లూస్ విని గిటారు బట్టినవాడు. ఆతడు భారతీయ సంగీతమును అభ్యసించి, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, ఘటవాదకుడు విక్కు వినాయకరామ్ మొదలగువారితో శక్తి అను బృందమును నెలకొల్పెను. ఆ బృందపు మొదటి ఆల్బము 1976 లో వెలువడెను. దానికొరకాతడు చేయించుకొన్న గిటారున మెట్ల నడుమనున్న కఱ్ఱను గుంటలుగా చెక్కించెను. అట్లు చెక్కుటచే వ్రేలు కఱ్ఱకు దగులక తీగను విశేషముగా లాగగలదు. మన వీణ మెట్లు మైనముమీద ఎత్తుగా నిలుచుటచే కలిగిన సౌకర్యమే ఆ గిటారునకు కఱ్ఱను దొలచుటచే లభించెను. 1997 లో ఆతడు రిమెంబర్ శక్తి అను పేర ఆ ప్రయత్నమును పునరుద్ధరింపగా, శ్రీనివాస్ అందు జేరి యేండ్లతరబడి దేశదేశములు తిరిగి వాయించెను. వారి గానము 2000 లో ది బిలీవర్ అనియు, 2001 లో సాటర్‌డే నైట్ ఇన్ బాంబే అనియు ఆల్బములుగా వెలువడినది.

అంతకు ముందే, 1995 లో, శ్రీనివాస్ కెనడా దేశీయుడైన మైకేల్ బ్రూక్‌తో గూడి డ్రీమ్ అను ఆల్బమును వెలువరించెను. ఇంగ్లండులో పీటర్ గేబ్రియల్ అను గాయకుడు స్థాపించిన రియల్ వరల్డ్ అను స్వతంత్ర సంస్థ దానిని ప్రచురించెను. బ్రూక్ తానే యొక విచిత్రమైన గిటారును నిర్మించిన నేర్పరి. మీటిన నాదము క్షీణింపక, వాదకుడు కోరినంతకాలము నిలుచునట్లు విద్యుత్సాధనముచే నమర్చిన ఆ వాద్యమునకు అనంత గిటారు అను నర్థము వచ్చు పేరు పెట్టెను. మీటిన తీగకు ఆయువు తక్కువ యను పాత చిక్కును అనంత గిటారుతో తీర్చుకొన్నవాడొకడును, విద్యున్మాండలిన్‌తో తీర్చుకొన్నవాడొకడును ఆ ఆల్బమున జోడుగూడిరి. డ్రీమ్ బ్లూస్-రాక్ ఆల్బమని నేను చెప్పను. దాని రాగభావము మనది, దాని ధ్వనిభూమిక పడమటిది. అయినను, స్వతంత్రముగా ఆల్బము చేయదలచిన తెలుగు బాలుడు మొదట వినదగినవానిలో నది యొకటి.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19 వ తేదీన చెన్నపురిలో, నలువదియైదవ యేట, పరమపదించెను. ఆతని తమ్ముడు రాజేష్ సయితము మాండలిన్ విద్వాంసుడే. ఆ వాద్యము ఇటలీ దేశపుదని నేడు మనలో నెవ్వరును ఆక్షేపింపరు. ఒకప్పుడు వయొలిన్‌ను గూర్చియు ఇట్టి శంక యుండెడిది. నేడు వయొలిన్ లేని కర్ణాటక కచేరి యరుదు. వాద్యము ఏ దేశమున బుట్టెనను దానిచే అది పరాయిది గాదు. మన పాటను దానికి నేర్పకున్నప్పుడే పరాయిదిగా నుండిపోవును. తలిదండ్రుల మొదటి సందేహమునకు ఇదియే సమాధానము. రెండవదానికి సమాధానము విద్యార్థుల చేతిలో నున్నది.

కావున గిటారు నేర్వగోరు విద్యార్థులకు ఒక్క మాట. వాద్యము చేతికి వచ్చిన దినముననే పది పాటల తీగమెట్లు కంఠస్థము చేయుటకు త్వరపడకుడు. మీ నాయనమ్మ పాడు ఊడ్పుపాటగాని, మీ సంఘమున బాడు కీర్తనగాని, ఒక్క పాదమును గైకొని, మొదట గొంతెత్తి పాడుడు. స్వరము ఎచ్చట జారినదో, ఎచ్చట నిలిచినదో చెవితో గుర్తింపుడు. పిదప ఒక్క తీగమీద మాత్రము ఆ పాదమును వెదకుడు. మెట్టుమీద దొరకని స్వరము వచ్చినచో, తప్పు వచ్చినదని విడిచిపెట్టక, తీగను మెల్లగా లాగి చూడుడు. వారమునకు ఒక్క పాదము పలికినను చాలును. తలిదండ్రులును, ఎన్ని పాటలు వచ్చినవని యడుగుటకు బదులుగా, ఆ ఒక్క పాదమును వినిపింపుమని యడుగుదురు గాక.